అనుమతి లేని అనుభోగం చౌర్యమేనా? చెరువు నీటి నుండి చేతి ఫోను దాకా ఒక న్యాయచారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒకరి కంప్యూటరును గాని, ఫోనును గాని యజమాని ఎరుక లేకుండా మరొకరు తమ లాభానికి పనిచేయించుకొంటే అది దొంగతనమవుతుందా? వస్తువును తీసుకుపోకుండా దాని ఉపయోగాన్ని మాత్రమే కాజేసే పనిని తెలుగునేల ఎరిగిన న్యాయ సంప్రదాయాలు ఏ పేరుతో పిలిచాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇబ్రహీంపట్నం చెరువు నీరు, మితాక్షర సంప్రదాయంలోని ఉపనిధి నియమం, నిజాం రాష్ట్రంలోని వెట్టి, విద్యుత్ చట్టాలు, 2018లో ఆంధ్రప్రదేశ్ పురపాలక వెబ్‌సైట్లలో బయటపడిన క్రిప్టోజాకింగ్ ఈ పరిశీలనకు ఆధారాలు.

కీలకపదాలు: చౌర్యం, అనుభోగం, ఉపనిధి, ఎరువు, వెట్టి, క్రిప్టోజాకింగ్.

ప్రస్తావన

2018 సెప్టెంబరులో గువాహటికి చెందిన కొందరు భద్రతా పరిశోధకులు భారతీయ వెబ్‌సైట్లను పరిశీలిస్తూ ఒక విషయాన్ని బయటపెట్టారు. ఆంధ్రప్రదేశ్ పురపాలక పరిపాలన సంచాలకుల కార్యాలయం, తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల పురపాలక సంఘం వెబ్‌సైట్లలో ఎవరో గుర్తుతెలియని వ్యక్తులు ఒక చిన్న ప్రోగ్రామును చొప్పించారు. ఆ పుటను తెరిచిన ప్రతి పౌరుని కంప్యూటరూ, పుట తెరిచి ఉన్నంతసేపు, ఆ వ్యక్తుల కోసం క్రిప్టోకరెన్సీ లెక్కలు చేసిపెట్టేది. దీనినే క్రిప్టోజాకింగ్ అంటున్నారు.

ఈ పనిలో పౌరుడు పోగొట్టుకొన్నదేమిటి? ఖాతాలో డబ్బు పోలేదు. ఫోటోలు, పత్రాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్రాసెసర్ కాస్త వేడెక్కింది, బ్యాటరీ తొందరగా దిగింది, కరెంటు మీటరు కొద్దిగా ఎక్కువ తిరిగింది. పుట మూసివేయగానే అంతా యథాస్థితికి వచ్చింది. పోయినది వస్తువు కాదు, వస్తువు చేయగల పని. ఆ పనికి ఫలితం ఉంది, ఫలితానికి వెల ఉంది, ఆ వెల మరొకరికి చేరింది. దీనిని దొంగతనమనడానికి సామాన్యుని మనసు ఒప్పుకొంటుంది గాని న్యాయశాస్త్రం అంత సులభంగా ఒప్పుకోదు. ఎందుకు ఒప్పుకోదో తెలియాలంటే ప్రాసెసర్ కంటే చాలా పాతదైన మరో వనరు దగ్గరకు వెళ్ళాలి.

చెరువు నీరు: చౌర్యం కాని చౌర్యం

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నానికి ఆ పేరు ఇబ్రహీం కులీ కుతుబ్‌షా వల్ల వచ్చింది. 1550 నుండి 1580 వరకు గోల్కొండను పాలించిన ఈ సుల్తానును తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చింది ఇతనికే. హుస్సేన్‌సాగర్, మూసీ మీది పురానాపూల్‌లతోపాటు ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కూడ ఆ పాలన మిగిల్చిన నిర్మాణమే. సాహిత్య చరిత్రకారులకు ఈ రాజు కావ్యాల వల్ల గుర్తుంటాడు, ఆ ప్రాంతపు రైతుకు మాత్రం చెరువు వల్ల గుర్తుంటాడు.

తెలంగాణలో చెరువు కింది సేద్యమంటే వంతుల సేద్యం. తూము తెరవడానికి, ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో చూడడానికి నీరటికాడు ఉండేవాడు. వంతు తప్పి, రాత్రివేళ కాలువకు గండి కొట్టి నీరు మళ్ళించుకొనే రైతు ఏ ఊరికీ కొత్త కాదు. అతడు పక్కవాని మడిలో నుండి ఏ వస్తువునూ ఎత్తుకుపోలేదు. ఆ నీరు పక్కవాని మడిలోకి ఇంకా రానేలేదు. రావలసిన గడియల్ని మాత్రమే అతడు తీసుకొన్నాడు. అందుకే ఈ పనిని చెప్పేటప్పుడు వ్యవహారంలో 'దొంగిలించాడు' అనేకంటె 'మళ్ళించుకొన్నాడు' అన్న క్రియే ముందుగా నోటికి వస్తుంది.

ఈ భేదం చట్టంలోనూ ఉంది. 1837లో మెకాలే ముసాయిదాగా మొదలై 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన భారత శిక్షాస్మృతి 378వ సెక్షన్‌లో చౌర్యాన్ని నిర్వచించింది. వస్తువు చరాస్తి అయి ఉండాలి, మరొకరి స్వాధీనంలో ఉండాలి, వారి సమ్మతి లేకుండా, దురుద్దేశంతో, దానిని కదిలించాలి. నీటిని అక్రమంగా మళ్ళించడాన్ని మాత్రం ఆ స్మృతి చౌర్య ప్రకరణంలో చేర్చలేదు. 430వ సెక్షన్ కింద, ఆస్తికి నష్టం కలిగించే దుశ్చేష్టల వరుసలో పెట్టి, ఐదేళ్ళ వరకు శిక్ష విధించింది. సాధారణ చౌర్యానికి శిక్ష మూడేళ్ళే. అంటే నీటి మళ్ళింపును చట్టం చిన్న నేరంగా చూడలేదు, వేరే నేరంగా చూసింది. హైదరాబాదు రాష్ట్రానికి ఈ స్మృతి 1951లో విస్తరించింది. అంతకు కొద్దికాలం ముందే, 1357 ఫసలీలో, ఆ రాష్ట్రానికి ప్రత్యేకమైన నీటిపారుదల చట్టం ఏర్పడి ఉన్నది. ప్రవహించే వనరు చౌర్య నిర్వచనంలో ఇమడదన్న సంగతి కంప్యూటరు పుట్టకముందే స్పష్టమైందని చెప్పడానికి ఈ సాక్ష్యం చాలు.

ఉపనిధి: ముద్ర వేసిన పెట్టె

శిక్షాస్మృతి కంటె ముందు తెలుగువారు ఎరిగిన న్యాయగ్రంథ సంప్రదాయం మితాక్షరది. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి రాసిన ఈ వ్యాఖ్యను తిక్కనకు సమకాలికుడైన మూలఘటిక కేతన 13వ శతాబ్దంలో విజ్ఞానేశ్వరీయంగా తెలుగులోకి తెచ్చాడు. తెలుగులో తొలి ధర్మశాస్త్ర గ్రంథంగా దీనిని సాహిత్య చరిత్రలు పేర్కొంటాయి గాని, ఆంధ్రభాషాభూషణానికీ దశకుమారచరిత్రకూ దక్కినంత శ్రద్ధ దీనికి దక్కలేదు.

స్మృతులు స్తేయాన్నీ సాహసాన్నీ విడదీస్తాయి. యజమాని ఎదుట బలవంతంగా లాక్కోవడం సాహసం, అతని కనుగప్పి తీసుకోవడం స్తేయం. తీసుకొన్న తరువాత కాదని బొంకడం కూడ స్తేయమే. ఈ రెండింటిలోనూ వస్తువు చేతులు మారుతుంది. అయితే వస్తువు చేతులు మారకుండా కేవలం దాని ఉపయోగం చేతులు మారే సందర్భాన్ని స్మృతికారులు గుర్తించకపోలేదు. దానిని వారు స్తేయ ప్రకరణంలో కాక ఉపనిధి, ఆధి ప్రకరణాలలో చర్చించారు.

లోపల ఏముందో చెప్పకుండా, ముద్రవేసి, నమ్మకంతో ఒకరి చేతికి అప్పగించిన పెట్టె ఉపనిధి. ఆ పెట్టెను దాచి ఉంచినవాడు తన ఇష్టానుసారం దానిలోని సొమ్ముతో బతుకుతే ఏమి చేయాలన్నది యాజ్ఞవల్క్యుని ప్రశ్న. అతనికి దండన విధించాలి, సొమ్మును వృద్ధితో సహా యజమానికి ఇప్పించాలి అన్నది సమాధానం. యాచితం, న్యాసం, నిక్షేపం మొదలైనవాటికి కూడ ఇదే విధి వర్తిస్తుందని అక్కడే చెప్పాడు. తాకట్టు విషయంలోనూ ఇదే చూపు కనిపిస్తుంది. దాచి ఉంచవలసిన గోప్యాధిని అప్పు ఇచ్చినవాడు వాడుకొంటే అతనికి ఆ అప్పుపై వడ్డీ దక్కదు. వాడుకొన్నందుకు ప్రతిఫలం అంతకుముందే ముట్టింది గనుక.

ఈ నియమంలో గమనించవలసినది దండన కాదు, వృద్ధి. వస్తువు తిరిగి వచ్చినంత మాత్రాన లెక్క తేలదని, ఆ వస్తువు వల్ల పొందిన లాభం కూడ యజమానిదేనని ఈ నియమం చెబుతున్నది. యజమాని ఎంత నష్టపోయాడన్న ప్రశ్నకు పక్కనే వాడుకొన్నవాడు ఎంత గడించాడన్న ప్రశ్న నిలుచుంది.

తెలుగు పలుకుబడిలోనూ ఇందుకు సమాంతరమైన ఒక విభజన ఉంది. తీసుకొన్న వస్తువునే తిరిగి ఇవ్వవలసినది ఎరువు (పొలానికి వేసే ఎరువు వేరు), దానికి సమానమైన మరొకటి ఇస్తే చాలునన్నది బదులు. నగ ఎరువుకు వస్తుంది, బియ్యం బదులుకు వస్తాయి. ఎరువు సొమ్ము బరువు చేటు అన్న సామెత పుట్టింది మొదటి అర్థం నుండే. సంస్కృతంలోని యాచితానికి సరిపోయే ఇంత చక్కని దేశ్య పదం ఉండగా, నేటి న్యాయ పరిభాషలో దాని ఊసే లేకపోవడం విచారకరం. ఫోను ప్రాసెసర్‌ను వాడుకోవడమంటే ఎరువడగకుండా ఎరువు తీసుకోవడం.

అయితే ఈ పోలికకు ఒక పరిమితి ఉంది. ఉపనిధిని యజమాని తానే అప్పగించాడు, ఫోనును ఎవరూ ఎవరికీ అప్పగించలేదు. ఎక్కడో ఒక అనామక వెబ్‌సైటు విషయంలో ఈ అభ్యంతరం బలమైనదే. నగరపాలక సంస్థ వెబ్‌సైటు విషయంలో అంత బలంగా నిలవదు. తన ఊరి ప్రభుత్వ పుటను తెరిచే పౌరుడు అది తన యంత్రానికి హాని చేయదన్న నమ్మకంతోనే తెరుస్తాడు. ఆ నమ్మకాన్ని వాడుకొన్నది పురపాలక సంఘం కాదు, దాని గోడలో కన్నం వేసిన మూడోవ్యక్తి. ఈ మూడోవ్యక్తి స్మృతికారుల ఊహలో లేడు.

వెట్టి: పేరు పెట్టడానికి చట్టం వెనుకాడిన సందర్భం

ఉపయోగాన్ని సమ్మతి లేకుండా తీసుకోవడానికి తెలంగాణ చరిత్రలో అతి పెద్ద ఉదాహరణ వెట్టి. దొరలకూ, దౌరాకు వచ్చే అధికారులకూ గ్రామంలోని వృత్తికులాలవారు కూలి లేకుండా పనిచేయవలసి వచ్చేది. మనుషుల శ్రమతోపాటు రైతుల బండ్లనూ ఎద్దులనూ కూడ పట్టుకొనేవారు. పని ముగిశాక బండి ఇంటికి వచ్చేది, ఎద్దులు కొట్టానికి వచ్చేవి. దున్నవలసిన రోజు మాత్రం తిరిగి వచ్చేది కాదు. 1921లో ఏర్పడిన ఆంధ్రజనసంఘం మొదలు, 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో ప్రారంభమైన ఆంధ్రమహాసభ వరకు వెట్టి నిర్మూలనను ప్రధాన సమస్యగా తీసుకొన్నాయి.

మనుషుల బతుకును నలిపిన వెట్టినీ కొన్ని నిమిషాల ప్రాసెసర్ వాడకాన్నీ ఒకే త్రాసులో తూచడం అపచారమవుతుంది. ఇక్కడ పోల్చదగినది నామకరణం ఒక్కటే. రైతు ఎద్దును ఒక రోజు తోలుకుపోయినవాడు మరో రైతయితే ఊరు అతన్ని దొంగ అనేది. తోలుకుపోయినవాడు గిర్దావరు అయితే దానికి ఆచారమని, మామూలు అని పేరు. భారత శిక్షాస్మృతిలో 374వ సెక్షన్ చట్టవిరుద్ధమైన నిర్బంధ శ్రమను నేరంగా చెప్పినా దానికి శిక్ష ఒక ఏడాదికి మించలేదు. చివరికి రాజ్యాంగం 23వ అధికరణంలో బేగారును నిషేధించినప్పుడు కూడ దానిని దోపిడి నుండి రక్షణ పొందే హక్కులలో చేర్చింది. ఉపయోగాన్ని కాజేయడం దొంగతనమా కాదా అన్న ప్రశ్నకు సమాధానం చాలాకాలం పాటు నిర్వచనం మీద కాక, వాడుకొన్నవాని హోదా మీద ఆధారపడిందని వెట్టి చరిత్ర రుజువు చేస్తున్నది.

విద్యుత్తు: చౌర్యమని 'భావించబడిన' పని

ఆధునిక న్యాయస్థానాలు తాత్కాలిక వాడకాన్ని పూర్తిగా వదిలిపెట్టలేదు. ప్యారేలాల్ భార్గవ కేసులో ఒక ప్రభుత్వోద్యోగి కార్యాలయపు ఫైలును ఇంటికి తీసుకుపోయి మర్నాడు తిరిగి చేర్పించాడు. సర్వోన్నత న్యాయస్థానం 1962లో ఇది చౌర్యమేనని తేల్చింది. శాశ్వతంగా ఉంచుకోవాలన్న ఉద్దేశం అవసరం లేదని, తాత్కాలిక నష్టం చాలునని ఆ తీర్పు సారం. అంతకు ముందు 1957లో శిక్షణలోని ఒక వాయుసేన అభ్యర్థి అనుమతి లేకుండా విమానం నడుపుకుపోయిన కేసులోనూ అదే న్యాయస్థానం ఇదే దారిలో నడిచింది. ఇందుకు ఎదురుగా శిక్షాస్మృతిలోని ఒక ఉదాహరణ పరిశోధకులకు ఊరటనిస్తుంది. మిత్రుడు లేనప్పుడు అతని గ్రంథాలయం నుండి, చదివి తిరిగి ఇచ్చే ఉద్దేశంతో పుస్తకం తీసుకొనేవాడు మిత్రుని సమ్మతి ఉన్నదని నమ్మితే దొంగ కాడట. పుస్తకం తిరిగి రాని ఇళ్ళవారు ఈ ఉదాహరణతో ఏకీభవించకపోవచ్చు.

ఫైలు, విమానం, పుస్తకం మూడూ కదిలాయి. విద్యుత్తు దగ్గర ఈ తర్కం ఆగిపోయింది. విద్యుత్తు చరాస్తి కాదు గనుక, 1910 నాటి విద్యుత్ చట్టం 39వ సెక్షన్‌లో దురుద్దేశంతో విద్యుత్తును లాగుకోవడాన్ని శిక్షాస్మృతి ప్రకారం చౌర్యంగా 'భావించాలి' అని ఒక న్యాయకల్పన చేయవలసి వచ్చింది. అవతార్‌సింగ్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం ఈ కల్పనకు హద్దు గీసింది. ఆ నేరం పుట్టింది విద్యుత్ చట్టం వల్లనే గాని శిక్షాస్మృతి వల్ల కాదని, కనుక ఆ చట్టం చెప్పిన విధానంలోనే ఫిర్యాదు రావాలని తేల్చింది.

2003 నాటి విద్యుత్ చట్టం మరో అడుగు వేసింది. 135వ సెక్షన్‌లో విద్యుత్ చౌర్యాన్నీ, 126వ సెక్షన్‌లో అనధికార వినియోగాన్నీ విడివిడిగా నిలిపింది. మొదటిది క్రిమినల్ నేరం. రెండోదానికి ప్రస్తుత నియమం ప్రకారం సంబంధిత రేటుకు రెట్టింపు వసూలు చేస్తారు. 2011లో శ్రీ సీతారామ రైస్‌మిల్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం ఈ రెండింటి మధ్య భేదాన్ని విస్తారంగా చర్చించింది. ఉపనిధిని వాడుకొన్నవానినుండి వృద్ధితో సహా రాబట్టాలన్న పాత నియమానికీ, రెట్టింపు రేటుకూ మధ్య వంశసంబంధం ఉన్నదని చెప్పడం సాహసమవుతుంది. రెండూ ఒకే సమస్యకు దొరికిన ఒకే రకం సమాధానాలని చెప్పవచ్చు.

కంప్యూటరు: 'ఆక్రమణ' అన్న మాట

కంప్యూటరు కాలాన్ని దొంగిలించవచ్చునా అన్న ప్రశ్న మొదట అమెరికాలో ఒక పిహెచ్.డి. విద్యార్థి వల్ల న్యాయస్థానానికి ఎక్కింది. వర్జీనియా పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధకుడు తన సిద్ధాంతవ్యాసం కోసం విశ్వవిద్యాలయపు కంప్యూటరును అధికారిక కేటాయింపు లేకుండా వాడుకొన్నాడు. కింది న్యాయస్థానం అతనికి చౌర్యనేరం కింద శిక్ష వేసింది. 1977లో వర్జీనియా సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దుచేసింది. కంప్యూటరు కాలం, సేవలు చౌర్యానికి వస్తువులు కాజాలవని, వాటిని ఎవరూ ఎత్తుకుపోలేరని లండ్ కేసుగా పేరొందిన ఆ తీర్పు చెప్పింది. తరువాత ఆ రాష్ట్రం తన చట్టాన్నే మార్చుకోవలసి వచ్చింది.

భారతదేశం 2000లో సమాచార సాంకేతిక చట్టం చేసినప్పుడు చౌర్యమన్న మాటను పట్టుకొని వేలాడలేదు. 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా కంప్యూటరులోకి ప్రవేశించడం, అందులోకి కలుషిత ప్రోగ్రాములను చొప్పించడం వంటి పనులకు నష్టపరిహారం చెల్లించాలన్నది. 2008 సవరణ తరువాత అదే పనిని దురుద్దేశంతోనో మోసపూరితంగానో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా పడవచ్చు. ఫోనుకు ఇదంతా వర్తిస్తుందా అన్న సందేహం తీర్చిన తొలి తీర్పులలో ఒకటి హైదరాబాదు నుండే వచ్చింది. ఒక కంపెనీ తాళం వేసి అమ్మిన హ్యాండ్‌సెట్ల ఎలక్ట్రానిక్ సంఖ్యను మార్చి మరో కంపెనీ సేవలకు మళ్ళించారన్న కేసులో, 2005లో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానం సెల్‌ఫోను కూడ ఈ చట్టం దృష్టిలో కంప్యూటరేనని తేల్చింది.

ఈ చట్టంలో ఒక చిన్న వివరణ ఉంది. కలుషిత ప్రోగ్రాము అంటే ఏమిటో చెబుతూ, కంప్యూటరు సహజంగా చేయవలసిన పనిని ఏ విధంగానైనా ఆక్రమించుకొనే ఆదేశాల సముదాయమని కూడ అన్నది. దొంగిలించడమన్న అర్థమిచ్చే మాట అక్కడ లేదు. అక్కడ వాడిన ఆంగ్ల పదం హక్కు లేని చోట తిష్ఠవేయడాన్ని సూచించే పదం, రాజ్యాన్ని అపహరించేవారి గురించి వాడే పదం. చెరువు శిఖంలో భూమి కబ్జా గురించి మాట్లాడుకొనే ప్రాంతంలో ఈ మాటకు వ్యాఖ్యానం అక్కరలేదు. ఇబ్రహీంపట్నం మండలంలో నేడు ఇంజనీరింగు కళాశాలలు వరుసగా ఉన్నాయి, ఆదిబట్లలో పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాంగణం ఉంది. అక్కడి విద్యార్థికి ఆక్రమణ అంటే ఏమిటో చెరువు చెప్పగలదు, కంప్యూటరు పాఠ్యపుస్తకం చెప్పలేదు. విచిత్రమేమంటే ఇదే చట్టం 66బి సెక్షన్‌లో దొంగిలించబడిన కంప్యూటరు వనరును స్వీకరించడాన్ని నేరంగా చెబుతుంది. వనరు దొంగసొత్తు కాగలదని ఆ సెక్షన్ ఒప్పుకొంటుంది గాని, వనరును వాడుకోవడమే దొంగతనమని ఏ సెక్షనూ చెప్పదు.

స్వల్పత అనే వాదం

క్రిప్టోజాకింగ్ నేరం కాదన్న వాదానికి బలమైన మద్దతు జపాన్ నుండి వచ్చింది. 2017 సెప్టెంబరులో మొదలై 2019 మార్చిలో మూతపడిన కాయిన్‌హైవ్ అనే సేవ, వెబ్‌సైటు యజమానులకు సందర్శకుల ప్రాసెసర్లతో మోనెరో అనే క్రిప్టోకరెన్సీని తవ్వించే ప్రోగ్రామును అందించేది. జపాన్‌లో దానిని తన సొంత వెబ్‌సైటులో పెట్టుకొన్న ఒక వ్యక్తిపై అభియోగం మోపారు. అదీ చౌర్యం కింద కాదు, కంప్యూటరుకు అక్రమ ఆదేశాలిచ్చే ప్రోగ్రాముల చట్టం కింద. యోకొహామా న్యాయస్థానం 2019లో విడుదల చేసింది, టోక్యో హైకోర్టు 2020లో లక్ష యెన్ల జరిమానా వేసింది, 2022 జనవరి 20న సుప్రీంకోర్టు నిర్దోషిగా ప్రకటించింది. సందర్శకుని ప్రాసెసర్‌పై పడిన భారం స్వల్పమని, వెబ్ ప్రకటనలు పెట్టే భారానికి భిన్నం కాదని, సమాజం సహించదగినదని ఆ తీర్పు అభిప్రాయపడింది.

స్వల్పత భారతీయ న్యాయానికీ తెలియనిది కాదు. ఎవరూ ఫిర్యాదు చేయనంత చిన్న హానిని నేరంగా పరిగణించరాదని శిక్షాస్మృతి 95వ సెక్షన్ చెప్పింది. దారిబత్తెం అయిపోయిన ద్విజ బాటసారి పొలంలో రెండు చెరకుగడలో రెండు దుంపలో తీసుకొంటే దండన లేదని మనువూ చెప్పాడు. అయితే ఆ మినహాయింపు రెండు గడలు తీసుకొన్న ఒక బాటసారికి. వేయి పొలాల్లో రెండేసి గడలు విరిచి అమ్ముకొనేవానికి కాదు. జపాన్ కేసులో ఒక వ్యక్తి తన సొంత పుటలో తన సందర్శకులనుండి తీసుకొన్నాడు. తిరుపతి, మాచర్లల ఉదాహరణలో మూడోవ్యక్తి ప్రజాసంస్థ పుటలోకి జొరబడి, పని మీద వచ్చిన పౌరులందరినుండి తీసుకొన్నాడు. మొదటిదానికి సరిపోయిన స్వల్పత వాదం రెండోదానికి సరిపోదు. ఇక్కడ హానిని ఒక్కొక్క ఫోనులో కొలిస్తే పైసలలో తేలుతుంది, తీసుకొన్నవాని వైపునుండి కొలిస్తేనే అసలు మొత్తం కనిపిస్తుంది.

ఆశ్చర్యమేమంటే ఈ రెండో కొలతకు సమాచార సాంకేతిక చట్టంలో చోటు ఉంది. పరిహారాన్ని నిర్ణయించే అధికారి ఏమేమి గమనించాలో 47వ సెక్షన్ చెబుతుంది. అందులో మొట్టమొదటిది బాధితుని నష్టం కాదు, తప్పుచేసినవాడు పొందిన అన్యాయపు లాభం, అది లెక్కకు అందినంత మేర. నష్టం రెండోది, తప్పు పదేపదే చేశాడా అన్నది మూడోది. ముద్రవేసిన పెట్టెను వాడుకొన్నవానినుండి వృద్ధితో సహా రాబట్టాలన్న యాజ్ఞవల్క్యుని దృష్టికి ఆధునిక చట్టంలో ఇంతకంటె దగ్గరి వాక్యం దొరకదు. 43వ సెక్షన్ కింద ఫిర్యాదు విచారించే అధికారం సాధారణంగా రాష్ట్ర ఐ.టి. శాఖ కార్యదర్శిది. అక్కడికి వెళ్ళవలసింది బాధితుడే. తన ఫోను ఒక మధ్యాహ్నం ఎందుకు వేడెక్కిందో తెలియని మాచర్ల పౌరుడు ఆ కార్యాలయం మెట్లెక్కే అవకాశం లేదు. చెరువు కింద గండి పడితే నీరటికాడు తెల్లవారేసరికి చూసేవాడు. ఇక్కడ ఆ గండిని చూసి చెప్పింది గువాహటివారు.